ఎనిమిది ముందర మిగిలిన ఒకటి

చింతలగట్టు,
నల్లగొండ జిల్లా.
21-9-1997

బావకు ఆండాళు నమస్కారాలు.

ఇక్కడ మామ, అత్త, నేను ముగ్గురం బాగానే ఉన్నాం. నువ్వు కూడా అక్కడ క్షేమంగా ఉన్నావని తలుస్తాను అని రాయడం ఆనవాయితీ. కానీ నేను ఇక్కడ కూర్చుని తలిస్తే తగ్గే దగ్గు కాదు నీది. పోయిన ఉత్తరంలో దాని సంగతి ఒక్క ముక్కలో తేల్చేశావు. పవర్‌లూముల దగ్గర దూది దుమ్ము ముక్కులోకి పోకుండా కట్టుకొమ్మని పెట్టెలో రెండు రుమాళ్లు పెట్టాను. వాటిని ముక్కుకు కట్టుకుంటున్నావో, రొట్టెలు మూట కట్టుకుంటున్నావో నాకు తెలుసు. భివండిలో దవాఖానలు లేవా? ఒకసారి చూపించుకో.

ఉత్తరంలో మొగుణ్ణి 'మీరు' అని రాయాలని అత్త పక్కన కూర్చుని చెప్తోంది. చిన్నప్పుడు నా జడ మగ్గం గుంజకు కట్టేసి పారిపోయిన మేనబావను ఇప్పుడు మీరు అనడం నా వల్ల కాదు. ఆమెకు చదువు రాదు కనుక బతికిపోయాను.

నువ్వు అడిగినవి వరసగా చెప్తాను. వానలు ఈసారి కూడా మొహం చాటేశాయి. పునాస పంట పోయినట్టేనని అందరూ అంటున్నారు. మామ మోకాలు నొప్పి అట్లాగే ఉంది, కానీ మగ్గం గుంటలోకి దిగితే మాత్రం నొప్పి గుర్తుండదు, ఎక్కి పైకి వచ్చాకే మూలుగుతాడు. అత్త నీ కోసం ఉసిరికాయ తొక్కు పెట్టింది. అక్కడ నీతో పనిచేసే సోమన్న దసరాకు ఊరికి వచ్చి పోయేటప్పుడు అతని చేతికి ఇస్తాను. తొక్కు సోమన్న నోట్లో పడకుండా నీ దాకా వస్తే అదృష్టమే.

'నీ మిషిన్ మంచిగ నడుస్తాందా' అని అడిగావు. సంఘం కంప్యూటర్ బాగానే నడుస్తోంది బావా. నువ్వు ఏ కోపమూ లేకుండా ఆ మాట అడిగినందుకు నాకు ఆ రోజు అన్నం సయించలేదు. ఎందుకో కింద రాస్తాను. ముందు ఇంకో సంగతికి జవాబు ఇవ్వాలి.

రంగు అంటకుండా పోగులకు రబ్బరు చుట్టి చిటికి కట్టే నీ చట్రాన్ని, సంఘంలో నీతో పాటు చిటికి కట్టిన భిక్షపతికి ఇచ్చేయమని రాశావు. అతని ఇంటికి పోయి నేను ఇవ్వలేదు, ఇవ్వను కూడా. నీకు కోపం వస్తే రానీ. ఇంకో మాట కూడా రాశావు. పవర్‌లూము బీముకు చుట్టే పోగులు లెక్కపెట్టాల్సి వస్తే నువ్వు లెక్కపెట్టకుండా సోమన్నను పిలుస్తున్నావట. 'నా కండ్ల మీద నాకే భరోస లేదు' అన్నావు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. పదో ఏట నుంచి చిటికి కట్టినవాడివి. వేల పోగుల పడుగు నీ వేళ్ల కింద నుంచి పోయినా ఒక్క పోగు అటు ఇటు కాలేదు. అట్లాంటి వాడివి పక్కవాణ్ణి పిలిచి 'జర లెక్కబెట్టు' అంటున్నావంటే, ఆ పాపం నాది. ఇక దాచలేను.

మొదటి నుంచి చెప్తాను, ఓపికగా చదువు. నీకు కొంత తెలుసు, కొంత తెలియదు.

మన చేనేత సంఘానికి కంప్యూటర్ వచ్చినప్పుడు డిజైన్లన్నీ అందులో ఎక్కించే పని నాకిచ్చారు కదా. బజారులో దొరికే ప్రోగ్రాముల్లో మనకు పనికొచ్చే గళ్ల కాగితం లేదు. మనకు కావాల్సింది ప్రతి గడిలో రంగు, దాని మీద ఎన్ని పోగులు కలిపి రబ్బరు చుట్టాలో ఆ అంకె. అందుకని గళ్ల తెరను నేనే సొంతంగా తయారు చేశాను. నల్లగొండలో నాకు కంప్యూటర్ నేర్పిన మక్సూద్ సార్ దాన్ని చూసి, "గిది జిల్లాల ఎవ్వలు చేయలే ఆండాళు, శభాష్" అన్నాడు. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. సంఘం అధ్యక్షుడు రఘుపతి అయితే వచ్చిన ప్రతి ఆఫీసరు ముందర నన్ను కూర్చోబెట్టి, "మా పద్మశాలోల్ల కోడలు" అని చూపించేవాడు.

నువ్వు కూడా మిషన్ ముందు కూర్చుని, గ్రాఫు కాగితం పక్కన పెట్టి, తెర చూసి కట్టడం నేర్చుకున్నావు. సంఘంలో నీకంటే ముందు ఎవరూ ధైర్యం చేయలేదు. మొదటి వారం నువ్వు ఒక మాట అన్నావు. "అంకెలు మారినప్పుడల్లా తెర రెప్పకొట్టినట్టు చేస్తాంది, కండ్లు గుంజుతున్నయి" అని. నీ మాట తప్పని కాదు. ఆ మాట పట్టుకుని నేను చేసిన పని తప్పు.

రెప్పకొట్టడం ఎందుకంటే, కొత్త అంకె రాసే ముందు గడినంతా తెల్లగా తుడిచి, తర్వాత రాసేట్టు పెట్టాను. ఆ తుడవడం కంటికి మెరుపులా కనిపించేది. అయితే తుడవడమే తీసేస్తే సరిపోతుందని నాకు తెలివి పుట్టింది. కంప్యూటర్‌లో అంకె రాస్తే దాని వెనక దాని మేర తెలుపు అదే వేసుకుంటుంది. ఆ తెలుపు చాలులే అనుకున్నాను. మెరుపు పోయింది. నువ్వు "గిప్పుడు హాయిగుంది" అన్నావు. నేను చంకలు గుద్దుకున్నాను.

ఆ తెలుపు అంకె మేరకే పడుతుంది బావా, గడి మేరకు కాదు. పలక మీద పదహారు ఉందనుకో. ఆరును బొటనవేలితో తుడిచి ఎనిమిది రాసి, ముందరి ఒకటిని తుడవకుండా వదిలేస్తే ఏమవుతుంది? పద్దెనిమిది. నా గళ్ల తెర చేసింది అదే. పన్నెండు ఉన్న చోట ఎనిమిది వచ్చినా పద్దెనిమిదే, పద్నాలుగు ఉన్న చోట వచ్చినా పద్దెనిమిదే. చూసేవాడికి అది అలికిన అంకెలా కనిపించదు, శుభ్రంగా అచ్చు గుద్దినట్టే ఉంటుంది.

చిలకల చీరల పడుగు అయిపోయి నువ్వు ఏనుగుల చీరల పడుగు మొదలుపెట్టిన రోజు గుర్తుందా? చిలకల డిజైన్‌లో కొమ్మలున్న వరసే ఏనుగుల డిజైన్‌లో కాళ్ల వరస. కొమ్మలకు పదహారు, పద్నాలుగు, పన్నెండు, పదకొండు. ఏనుగు కాళ్లకు నాలుగింటికీ ఎనిమిది. నువ్వు తెర చూసి నన్ను పిలిచావు.

"ఆండాళు, కాళ్లకు పద్దెనిమిది ఎక్కువనిపిస్తాంది. మధ్యల నేల జాగా సరిపోతలేదు. ఒక్కసారి చూడరాదు?"

నేను లేచి రాలేదు. ఆ రోజు ఎవరో ఆఫీసరు వస్తున్నాడని కుర్చీలు తుడిపిస్తున్నాను. అక్కడి నుంచే అన్నాను, "కంప్యూటర్ లెక్క తప్పదు బావా. గట్లనే ఉంటది, కట్టు."

నా మాట మీద కట్టావు. సరిపోని జాగాను అటు ఇటు సర్ది మరీ కట్టావు. రంగులో ముంచి, విప్పి, మగ్గం ఎక్కించి, నేస్తే గానీ చిటికి తప్పు బయటపడదు. బయటపడ్డాక బాగుచేసే దారి లేదు. పన్నెండు చీరల పడుగు మీద నాలుగు కాళ్లూ వాచిన ఏనుగులు వరసగా నిలబడ్డాయి. రఘుపతి సంఘంలో బల్ల మీద చీర పరిచి, మిషన్ అప్పుడే వేయించి డిజైన్ తెరిపించాడు. ఎనిమిది ఉంది. ప్రింటు తీయించాడు. అందులోనూ ఎనిమిదే. "తెర మీద పద్దెనిమిదే ఉండె" అని నువ్వు మూడుసార్లు అన్నావు. నాలుగోసారి అనలేదు. ఆ తర్వాత ఊరు నీకు పెట్టిన పేరు నేను రాయను. మన ఇంటికి దారి అడిగినా "బోదకాలు ఏనుగోల్ల ఇల్లా" అంటున్నారని అత్త ఇప్పటికీ బజారుకు పోవడం లేదు.

అప్పుడు నేనేమీ చేయలేదని అనుకోకు. నీ మాట అబద్ధమై ఉండదని నాకు లోపల ఉంది. పదిహేను రోజులు ఆ గళ్ల తెర ముందు కూర్చున్నాను. ప్రతి వాక్యం చదివాను. వంద సార్లు ఏనుగుల డిజైన్ తెరిచాను. వంద సార్లూ ఎనిమిదే. ఫ్లాపీ పట్టుకుని బస్సెక్కి నల్లగొండ పోయాను. మక్సూద్ సార్ కూడా సాయంత్రం దాకా చూసి, "నాకు గలతీ ఏడ కనవడ్తలేదమ్మా, మనిషికి పొరపాటు అయితది, ఫికర్ చేయకు" అన్నాడు. కరెంటు హెచ్చుతగ్గులేమో అనుకున్నాను, తెర పాడైందేమో అనుకున్నాను. ఒక దశలో, దేవుడా క్షమించు, నీ కళ్లేమో అని కూడా అనుకున్నాను. చేతికి ఏమీ దొరక్క బస్సులో ఏడ్చుకుంటూ వచ్చాను.

నువ్వు భివండి పోతానని పెట్టె సర్దుకునే మూడు రోజుల ముందు మామ పడుగు అతుకుతున్నాడు. పాత పడుగు కొసలు, పోగులు దూరే పన్నెలో అట్లాగే ఉన్నాయి, వాటికి కొత్త పోగులు ఒక్కొక్కటీ మెలిపెడుతున్నాడు. ఆయన మోకాలు చూసి నాకు జాలేసి, పాతది కోసి పారేసి కొత్తగా ఎక్కించుకోరాదా అన్నాను.

మామ నవ్వాడు. "పాతది కోసి పారేస్తే కొత్తదాన్ని దేనికి అతుకుతవ్ బిడ్డా? ఖాళీ మగ్గం మొఖం చూడొద్దు. నీ మొగడు సుత గంతే, ఒక పని మీదికెల్లే ఇంకో పనికి పోతడు."

నేను కూర్చున్న చోటు నుంచి లేచాను. నువ్వు మిషన్ దగ్గర కూడా అంతే కదా బావా. పాత డిజైన్ ఎప్పుడూ మూయవు. చిలకలు తెర మీద ఉండగానే వాటి మీద ఏనుగులను తెరుస్తావు. ఖాళీ తెర మంచిది కాదని ఒకసారి నాతో అంటే నేను ఎగతాళి చేశాను. నేనేమో ప్రతిసారీ మిషన్ కొత్తగా వేసి, తెల్లటి తెర మీద తెరిచాను. రఘుపతీ అంతే, మక్సూద్ సారూ అంతే. తెల్లటి తెర మీద మిగలడానికి పాత ఒకటి ఎక్కడిది? వంద సార్లు కాదు, వెయ్యి సార్లు తెరిచినా నాకు దొరికేది కాదు. నేసేవాళ్ల ఇంట్లో పుట్టి, నేసేవాళ్ల ఇంట్లో మెట్టి, ఆ సంగతి నాకు తట్టలేదు.

పరుగున సంఘానికి పోయాను. ఎవరూ లేరు. చిలకలు తెరిచాను. మూయకుండా వాటి మీద ఏనుగులు తెరిచాను. నాలుగు కాళ్లకు నాలుగు పద్దెనిమిదులు.

ఇప్పుడు ఇన్నాళ్లూ దాచింది చెప్తున్నాను. చూసినదాన్ని చూసినట్టు వచ్చి నీకు చెప్పాలి కదా? చెప్పలేదు. కుర్చీలో కూర్చుని ప్రోగ్రాంలో రెండు వరసలు మార్చాను. గడినంతా తుడిచి రాయడం మళ్లీ పెట్టాను. తప్పున్న పాత ప్రోగ్రాం మీదనే కొత్తది రాశాను, పాతది చెరిగిపోయింది. నల్లగొండ తీసుకుపోయిన ఫ్లాపీ మీద కూడా అదే ఎక్కించాను. తేలు కుట్టిన దొంగలాగా ఇంటికి వచ్చి పొయ్యి అంటించాను.

ఎందుకంటే ఏం చెప్పను? ఆ సోమవారమే పెద్ద ఆఫీసరు వచ్చి నా గళ్ల తెర చూసి, మిగతా సంఘాలకు కూడా ఇద్దామన్నాడు. రఘుపతి చప్పట్లు కొట్టించాడు. ఆడపిల్ల మిషన్ ముందర కూర్చుంటే ఏమవుతుందో చూద్దామని కాచుకుని ఉన్నవాళ్ల నోళ్లు ఆ రోజు మూతపడ్డాయి. మళ్లీ తెరవనివ్వబుద్ధి కాలేదు. రేపు చెప్తాను అనుకున్నాను, ఎల్లుండి అనుకున్నాను. భయం అని రాస్తే నీకు జాలి కలుగుతుంది. అది భయం కాదు బావా, పొగరు.

మూడో రోజు భివండి బస్సు దగ్గర నువ్వు సామాను పైన వేయించి వచ్చి నా పక్కన నిలబడ్డావు. ఇంకెవరూ వినకుండా అడిగావు.

"నువ్వన్న చెప్పు ఆండాళు. నేను చూసింది పద్దెనిమిదేనా, కాదా?"

అప్పటికి నాకు తెలుసు. తెలిసి, నీ మొహం చూస్తూ, "ఒక్కోసారి అలసటకు గట్ల అనిపిస్తది బావా, మనసుల పెట్టుకోకు" అన్నాను. నువ్వు తల ఊపి బస్సెక్కావు. ఆ తల ఊపడం నాకు కళ్లు మూసుకున్నా కనిపిస్తోంది. ఊరంతా కలిసి నీ లెక్క తప్పన్నా నువ్వు సగమే నమ్మావు. మిగతా సగం నేను నమ్మించాను.

నీ ఉత్తరం వచ్చాక ఇక ఉండలేకపోయాను. మొన్న గురువారం సంఘం మీటింగులో లేచి నిలబడి, తప్పు బావది కాదు, నాది, నా గళ్ల తెరది అని అంతా చెప్పాను. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. రఘుపతి నెమ్మదిగా, "మంచిది బిడ్డా, జర మిషిన్ మీద చూపెట్టు" అన్నాడు.

ఏం చూపించను? నేను దిద్దేశాను కదా. చిలకల మీద ఏనుగులు తెరిస్తే ఎనిమిది వచ్చింది. పాతది ఎక్కడా లేదు, నా చేత్తోనే చెరిపాను. రెండు వరసలు తీసేస్తే మళ్లీ ఆ తప్పు వస్తుంది, ఇప్పుడే చేసి చూపిస్తానన్నాను. వెనక బెంచీ నుంచి భిక్షపతి అన్నాడు, "ఇప్పుడు చేస్తే ఇప్పటి తప్పు అయితది గని, అప్పటిది ఎట్లయితది?" న్యాయమే. ఇంకెవరో, "పాపం, మొగని కోసం మీదేసుకుంటాంది, గసుంటి భార్య దొరకాలె" అన్నారు. నలుగురూ నన్ను మెచ్చుకున్నారు బావా. నిజం చెప్తే అబద్ధమనుకుని మెచ్చుకున్నారు. నా ఉద్యోగం పోలేదు, నీ పేరు తిరిగి రాలేదు.

ఇంటికి వచ్చే దారిలో మామ ఆగి, కండువాతో మొహం తుడుచుకుని అడిగాడు. "బిడ్డా, నాకన్న నిజం చెప్పు. అయినదే చెప్పినవా, లేకుంటే ఆని కోసం చెప్పినవా?"

అయినదే చెప్పాను మామా అన్నాను. తల ఊపాడు. అచ్చం నువ్వు ఊపినట్టే. నమ్మాడో లేదో నాకు తెలియలేదు. మక్సూద్ సార్‌కు కూడా రాశాను. నా చేతిలో ఇంతకంటే ఏముందో నాకు తెలియడం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే కాబోలు, నా వరకైతే కాలినవి నీ చేతులు.

ఈ ఉత్తరం చదివి నువ్వు కూడా వాళ్లలాగే అనుకుంటావేమోనని భయంగా ఉంది. నీ మనసు కుదుటపడాలని ఆండాళు కల్పించి రాసిందని అనుకుంటావేమో. ఒట్టు పెట్టి చెప్తానంటే, బస్సు దగ్గర నీ మొహం చూస్తూ అబద్ధమాడినదాని ఒట్టుకు విలువేముంది? తిరిగి రమ్మని పిలిచే మొహం కూడా నాకు లేదు. తిట్టాలనిపిస్తే తిట్టు, నాకు ఉత్తరం రాయాలనిపించకపోతే మామకు రాయి.

కానీ ఒక్కటి. ఆ రోజు ఆ తెర ముందు ఉన్నది నువ్వు ఒక్కడివే. ఊళ్లో ఎవరూ చూడలేదు, నేను లేచి రాలేదు. పద్దెనిమిది చూసినవాడివి నువ్వే, ఎక్కువ అనిపిస్తోందని పసిగట్టినవాడివీ నువ్వే. నన్ను నమ్మమని అడగను బావా. రేపు బీము ఎక్కించేటప్పుడు సోమన్నను పిలవకు. పోగులు నువ్వే లెక్కపెట్టు.

ఇట్లు
నీ మేనమామ బిడ్డ, నీ భార్య
ఆండాళు